స్పీడు కారుకు క్రాంక్‌కేస్ వెంటిలేషన్: ఎంపిక నుంచి బిగింపు దాకా

పవర్ పెంచిన ఇంజన్లలో మొదట కనిపించే జబ్బు ఆయిల్ తడి. టాపెట్ కవర్ అంచు చెమ్మగిల్లుతుంది, డిప్‌స్టిక్ దానంతటదే పైకి లేస్తుంది, ఇంటేక్ పైపు ఊడదీస్తే లోపల నూనె కనిపిస్తుంది. గ్యాస్కెట్ మారుస్తారు, రెండు నెలల్లో మళ్లీ కారుతుంది. చాలాసార్లు తప్పు గ్యాస్కెట్‌ది కాదు, లోపల పేరుకున్న ఒత్తిడిది.

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల కార్లు ట్యూన్ చేయించుకున్నవాళ్లు ఎక్కువగా అడిగేది "ఏ క్యాచ్ క్యాన్ (ఇంజన్ లోపలి గ్యాసులోని నూనెను పట్టి నిలిపే డబ్బా) కొనాలి?" అని. అది చివర తేల్చుకోవాల్సిన విషయం. ముందు ఇంజన్ ఆరోగ్యం చూడాలి, తర్వాత ఏర్పాటు ఎంచుకోవాలి, ఆ తర్వాతే డబ్బా కొనాలి. ఈ మార్గదర్శి ఆ వరుసలోనే సాగుతుంది.

## 1. ముందు అర్థం చేసుకోవాల్సింది: లోపలికొక దారి, బయటికొక దారి

రింగులు ఎంత కొత్తవైనా, మండిన గ్యాసులో కొంత పిస్టన్ పక్కనుంచి కింది చాంబర్‌లోకి, అంటే క్రాంక్ తిరిగే క్రాంక్‌కేస్‌లోకి జారుతుంది. మన మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అనేది దీన్నే. ఆ గ్యాసులో నీటి ఆవిరి, కాలని పెట్రోల్, ఆమ్లగుణమున్న పదార్థాలు ఉంటాయి. బయటికి పోకపోతే ఆయిల్‌ని పాడుచేస్తాయి, సీళ్లను తోస్తాయి.

కంపెనీ ఏర్పాటులో రెండు పైపులుంటాయి. ఎయిర్ ఫిల్టర్ దాటాక ఉన్న ఇంటేక్ పైపు నుంచి టాపెట్ కవర్‌కి వచ్చేది మంచిగాలి పైపు. పీసీవీ వాల్వ్ (పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్ వాల్వ్) మీదుగా, సిలిండర్లకు గాలి పంచే ఇంటేక్ మానిఫోల్డ్‌కి వెళ్లేది చెడుగాలి పైపు. మానిఫోల్డ్‌లోని వాక్యూమ్ చెడుగాలిని లాగుతుంది, ఆ జాగాలోకి మంచిగాలి వస్తుంది. ఇంజన్ లోపల పొడిగా ఉండేది ఈ కదలిక వల్లే.

పీసీవీ వాల్వ్‌లో స్ప్రింగు, చిన్న ప్లంజరు ఉంటాయి. ఐడిల్‌లో వాక్యూమ్ బలంగా ఉండి ప్లంజరు దారిని ఇరుకు చేస్తుంది. మామూలు వేగంలో దారి వెడల్పవుతుంది. టర్బో బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) వచ్చినా, మానిఫోల్డ్‌లో బ్యాక్‌ఫైర్ అయినా పూర్తిగా మూసుకుంటుంది.

పెడల్ పూర్తిగా తొక్కినప్పుడే చిక్కు మొదలవుతుంది. అప్పుడు మానిఫోల్డ్‌లో వాక్యూమ్ దాదాపు ఉండదు, బ్యాక్ కంప్రెషన్ మాత్రం ఎక్కువగా ఉంటుంది. పీసీవీ లాగలేని గ్యాసు మంచిగాలి పైపులోంచి వెనక్కి ఎగదన్ని ఇంటేక్‌లోకి పోతుంది. థ్రాటిల్ బాడీ ముందు నూనె కనిపిస్తే అది వచ్చింది ఈ దారినే.

ఏ ఏర్పాటు చేసినా ఈ రెండు దారుల్లో దేన్నీ మూయకూడదు. పీసీవీ నోటికి బోల్టు బిగించి, టాపెట్ కవర్ మీద చిన్న ఫిల్టర్ పెట్టి వదిలేస్తే ఒత్తిడి పోతుంది కానీ గాలి తిరగదు. తేమ లోపలే ఉండిపోతుంది. సముద్రపు తేమ ఉండే మన కోస్తాలో, ఊళ్లో నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారుకు ఇది మరీ చేటు. ఆయిల్ మూత కింద కాఫీ రంగు జిగురు కడుతుంది.

## 2. సామాను కొనకముందు: ఇంజన్‌ని పరీక్షించడం

ఈ భాగాన్ని దాటేయొద్దు. రింగులు అరిగిన ఇంజన్‌కి ఎంత మంచి క్యాన్ పెట్టినా వారానికోసారి నిండుతుంది, అంతే.

2.1 పీసీవీ వాల్వ్

- వాల్వ్ తీసి చెవి దగ్గర ఊపండి. టకటక శబ్దం రావాలి. రాకపోతే జిగురు పట్టింది. కడిగి పెట్టడం కన్నా కొత్తది వేయడమే మేలు.
- శబ్దం వచ్చినంత మాత్రాన బాగుందని కాదు, స్ప్రింగు సడలి ఉండొచ్చు. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా పీసీవీ పైపును రబ్బరు మీద మెత్తగా నొక్కి మూయండి. ఐడిల్ కాస్త తగ్గినట్టు తెలియాలి. ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) వెంటనే సర్దేస్తుంది కాబట్టి మొదటి సెకనే గమనించాలి.
- కొన్ని కొత్త టర్బో కార్లలో విడి వాల్వ్ ఉండదు, టాపెట్ కవర్‌లోనే డయాఫ్రమ్ ఉంటుంది. అది చిరిగితే ఈలలాంటి శబ్దం, ఎగుడుదిగుడు ఐడిల్, స్కానర్‌లో పీ0171 కోడ్ (మిక్చర్‌లో పెట్రోల్ తక్కువైందని) రావచ్చు. ముందు అది మార్చాలి.

2.2 లీక్‌డౌన్ పరీక్ష

కంప్రెషన్ గేజి ఒక్కటే చాలదు. ఇంజన్ వేడిగా ఉండగా ఒక్కో సిలిండర్‌ని కంప్రెషన్ స్ట్రోక్ టాప్‌కి తెచ్చి, లీక్‌డౌన్ టెస్టర్‌తో (ఎక్కించిన గాలిలో ఎంత శాతం కారుతోందో చూపే గేజి) ప్లగ్ రంధ్రంలోకి గాలి ఎక్కించండి. క్రాంక్ తిరగకుండా ఒకరు పట్టుకోవాలి, చేతులు బెల్టుల దగ్గర ఉండకూడదు.

- 10 శాతం లోపు లీకు: రోడ్డు మీద నడిచే ఇంజన్‌కి బాగున్నట్టే.
- 10 నుంచి 20: పని కానివ్వొచ్చు, కానీ గమనిస్తూ ఉండండి.
- 20 దాటితే: వెంటిలేషన్ పని ఆపి ఇంజన్ సంగతి చూడండి.

గాలి ఎటు పోతోందో చెవితో వినాలి. ఆయిల్ మూత దగ్గర బుస్సుమంటే రింగులు లేదా బోర్. థ్రాటిల్ దగ్గరైతే ఇంటేక్ వాల్వ్, సైలెన్సర్ దగ్గరైతే ఎగ్జాస్ట్ వాల్వ్. రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్.

ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేయించిన ఇంజన్లలో పిస్టన్‌కీ బోర్‌కీ మధ్య ఖాళీ ఎక్కువ ఉంచుతారు. అందుకే చల్లగా ఉన్నప్పుడు బ్యాక్ కంప్రెషన్ ఎక్కువ కనిపిస్తుంది. వేడెక్కాకే కొలవండి.

2.3 నీటి గొట్టంతో ఒత్తిడి కొలవడం

కొత్త ఏర్పాటు పనిచేస్తోందో లేదో చెప్పేది ఈ కొలతే. ముందొకసారి, బిగించాక ఒకసారి తీసుకోవాలి.

1. 6 లేదా 8 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న పారదర్శక ట్యూబు 3 మీటర్లు తీసుకోండి.
2. చెక్క పలక మీద యూ ఆకారంలో బిగించండి. ఒక్కో చేయి 60 సెం.మీ. ఎత్తు ఉండాలి. పక్కన స్కేలు అంటించండి.
3. కాస్త కుంకుమ కలిపిన నీళ్లు సగం వరకు పోయండి.
4. ఒక చివర డిప్‌స్టిక్ గొట్టానికి గాలి చొరకుండా తగిలించండి. మధ్యలో ఒక ఖాళీ గట్టి సీసా పెట్టండి. వాక్యూమ్ ఎక్కువైతే నీళ్లు సీసాలో పడతాయి, ఇంజన్‌లోకి పోవు. ఈ సీసా లేకుండా చేయొద్దు.
5. రెండో చివర గాలికి వదిలేయండి.

వేడి ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ఇంజన్ వైపు నీళ్లు కొన్ని సెంటీమీటర్లు పైకి లేవాలి. అంటే లోపల చిన్న వాక్యూమ్ ఉంది. డయాఫ్రమ్ రెగ్యులేటర్ ఉన్న కార్లలో ఇంకా ఎక్కువ లేస్తాయి, వాటికి వర్క్‌షాప్ మాన్యువల్ అంకె చూడండి. నీళ్లు ఇంజన్ వైపు దిగితే లోపల ఒత్తిడి ఉన్నట్టు.

లోడ్ మీద కొలవడానికి డైనో (కారును నిలిపి ఉంచి పవర్ కొలిచే రోలర్ యంత్రం) ఉత్తమం. అది లేకపోతే చిన్న డిజిటల్ డిఫరెన్షియల్ గేజి పెట్టి, ఖాళీ రోడ్డు మీద పక్క సీటులో ఉన్న మనిషి చదవాలి. నడిపేవాళ్లు గేజి వైపు చూడొద్దు. పూర్తి థ్రాటిల్‌లో ఒత్తిడి సున్నాకి దగ్గరగా, 10 సెం.మీ. నీటి లోపు ఉంటే నిశ్చింత. 35 సెం.మీ. అంటే దాదాపు అర పీఎస్ఐ. అక్కడికి వచ్చిందంటే పైపులు చాలడం లేదు, లేదా రింగులు పోయాయి.

## 3. ఏ ఇంజన్‌కి ఏ ఏర్పాటు

3.1 టర్బో లేని పెట్రోల్ ఇంజన్

క్యామ్, హెడర్స్, రీమ్యాప్ వరకే పని జరిగితే కంపెనీ పీసీవీని అలాగే ఉంచి, చెడుగాలి పైపు మధ్యలో ఒక సీల్డ్ క్యాన్ (బయటి గాలికి తెరుచుకోనిది) పెట్టండి. వరుస ఇది: పీసీవీ వాల్వ్, క్యాన్ ఇన్‌లెట్, క్యాన్ అవుట్‌లెట్, మానిఫోల్డ్.

మంచిగాలి పైపును కదిలించొద్దు. ఎక్కువ ఆర్‌పీఎంలో నడిపిన తర్వాత ఆ పైపులో కూడా నూనె కనిపిస్తే అప్పుడు అటువైపు రెండో క్యాన్ పెట్టండి. మొదటి రోజే రెండూ అక్కర్లేదు.

ఒక్కో సిలిండర్‌కి విడి థ్రాటిల్ పెట్టిన ఇంజన్లలో వాక్యూమ్ బలహీనంగా, కుదుపులుగా వస్తుంది. అన్ని రన్నర్ల (ఒక్కో సిలిండర్‌కి వెళ్లే గాలి గొట్టాల) నుంచి చిన్న పైపులు తెచ్చి ఒక ఉమ్మడి గొట్టంలో కలిపి, పీసీవీని అక్కడ తగిలించాలి.

3.2 టర్బో పెట్రోల్ ఇంజన్

ఎక్కువ మంది తప్పుచేసేది ఇక్కడే. ఐడిల్‌లో మానిఫోల్డ్‌లో వాక్యూమ్, బూస్ట్‌లో అదే చోట ఒత్తిడి. కాబట్టి గ్యాసు పోవడానికి రెండు వేళల్లో రెండు దారులు కావాలి.

- మొదటి దారి: పీసీవీ నోరు, మొదటి క్యాన్, నాన్ రిటర్న్ వాల్వ్, మానిఫోల్డ్.
- రెండో దారి: టాపెట్ కవర్ రెండో నోరు, రెండో క్యాన్, టర్బో ముందు ఉన్న ఇంటేక్ పైపు. మాఫ్ సెన్సర్ (లోపలికి వెళ్లే గాలిని కొలిచేది) ఉంటే దాని తర్వాత, కంప్రెసర్‌కి ముందు తగలాలి.

నెమ్మదిగా వెళ్లేటప్పుడు రెండో దారిలోంచి మంచిగాలి లోపలికి వచ్చి, మొదటి దారిలోంచి చెడుగాలి పోతుంది. బూస్ట్ రాగానే నాన్ రిటర్న్ వాల్వ్ మూసుకుంటుంది. గ్యాసంతా రెండో దారిలో టర్బో నోటి వైపు పోతుంది. అక్కడ టర్బో లాగుడు వల్ల కొంచెం వాక్యూమ్ ఉంటుంది కాబట్టి అది సాయపడుతుంది.

ఒకే క్యాన్‌కి ఒక ఇన్‌లెట్, రెండు అవుట్‌లెట్లు ఉండే రకం కూడా ఉంది. అది పెడితే రెండు అవుట్‌లెట్లకీ విడివిడిగా నాన్ రిటర్న్ వాల్వ్ ఉండాలి. మంచిగాలికి ఇంకో పైపు, దానికీ ఒక వన్‌వే వాల్వ్ కావాలి. జాగా లేని బానెట్లకు ఇది పనికొస్తుంది. జాగా ఉంటే మాత్రం రెండు క్యాన్ల ఏర్పాటే మా ఎంపిక, ఎందుకంటే పాడైనప్పుడు తప్పు ఎక్కడుందో తేలిగ్గా తెలుస్తుంది.

పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో అది ఇంటేక్ వాల్వ్ వెనక భాగాన్ని కడగదు. పీసీవీతో వచ్చే నూనె ఆవిరి అక్కడే కార్బన్‌గా గట్టిపడుతుంది. ఇలాంటి ఇంజన్లకు మంచి క్యాన్ వల్ల లాభం ఎక్కువ. పైగా ఇంటేక్‌లోకి వెళ్లే నూనె పెట్రోల్ ఆక్టేన్‌ని తగ్గించి నాకింగ్‌కి దారితీస్తుంది, బూస్ట్ పెంచిన కారుకి అది ప్రమాదం.

3.3 గాలికి వదిలేసే ఏర్పాటు

టాపెట్ కవర్ నుంచి పెద్ద పైపులు తెచ్చి, ఫిల్టర్ ఉన్న క్యాన్‌లో వదిలేయడం. ట్రాక్ మీద మాత్రమే నడిచి, ప్రతి ఈవెంటుకీ ఆయిల్ మార్చే కారుకి సరే. రోజూ నడిపే కారుకి మేం వద్దంటాం. కారణాలు:

- క్యాబిన్‌లోకి వాసన వస్తుంది. ట్రాఫిక్‌లో ఏసీ బయటిగాలి మీద ఉంటే తల తిరుగుతుంది.
- పీసీవీని కలిపే ఉంచి మంచిగాలి పైపు తీసి ఫిల్టర్ పెడితే, మాఫ్ సెన్సర్ చూడని గాలి మానిఫోల్డ్‌లోకి పోతుంది. మిక్చర్ లీన్ అవుతుంది, అంటే గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువవుతుంది.
- చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ము రోడ్ల మీద ఆ చిన్న ఫిల్టర్ త్వరగా పూడుకుంటుంది. పూడకపోతే ఇంకా ప్రమాదం, పీసీవీ లాగుడికి సన్నటి రాతిపొడి నేరుగా బేరింగుల దాకా చేరుతుంది.
- ఫిల్టర్ నుంచి నూనె ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద కారితే మంటలు అంటుకోవచ్చు.
- బీఎస్-6 కార్ల ఆమోద పరీక్షల్లో క్రాంక్‌కేస్ గ్యాసు బయటికి రాకూడదన్నది ఒక భాగం. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 కూడా వాహనాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చుకోనివ్వదు. వారంటీలో ఉన్న కారైతే అసలు చేయి పెట్టొద్దు.

3.4 ఎగ్జాస్ట్ లాగుడు, వాక్యూమ్ పంపు

ఎగ్జాస్ట్ పైపులో ఏటవాలు గొట్టం దించి గ్యాసును లాగించే పద్ధతి డ్రాగ్ కార్లకి. క్యాటలిటిక్ కన్వర్టర్, సైలెన్సర్ ఉన్న కారులో వెనక ఒత్తిడి ఉంటుంది, గ్యాసు ఎదురు తిరుగుతుంది. వదిలేయండి.

బెల్టుతో తిరిగే వాక్యూమ్ పంపు కూడా రోడ్డు కారుకి అనవసరం. మామూలు క్రాంక్ సీళ్లు లోపలి ఒత్తిడిని ఆపేలా చేసినవి, గట్టి వాక్యూమ్‌కి బయటి దుమ్మును లోపలికి లాగుతాయి. వాక్యూమ్ మరీ ఎక్కువైతే పిస్టన్ పిన్నులకు చేరే నూనె తగ్గుతుంది.

3.5 డీజిల్ ఇంజన్

డీజిల్‌లో థ్రాటిల్ వాక్యూమ్ ఉండదు కాబట్టి పెట్రోల్ పీసీవీ వాల్వ్ పెట్టొద్దు. డయాఫ్రమ్ రెగ్యులేటర్ నుంచి టర్బో నోటికి పెద్ద పైపు ఉంటుంది, దాని మధ్యలో పెద్ద క్యాన్ పెట్టొచ్చు. దాన్ని నిండనివ్వడం పెట్రోల్ కారు కన్నా ప్రమాదం. క్యాన్ నిండి నూనె ఒక్కసారిగా ఇంటేక్‌లోకి పోతే ఇంజన్ దాన్నే ఇంధనంగా తీసుకుని అదుపు తప్పి తిరుగుతుంది, తాళం తీసినా ఆగదు.

## 4. సామాన్ల జాబితా

టర్బో పెట్రోల్ కారు లెక్క ఇది. టర్బో లేనిదానికి సగం చాలు.

- కొత్త పీసీవీ వాల్వ్, మీ ఇంజన్ పార్టు నంబరుదే: 1
- సీల్డ్ క్యాన్, 500 నుంచి 750 మి.లీ.: 2
- నాన్ రిటర్న్ వాల్వ్: 1
- నైట్రైల్ రబ్బరు హోస్, లోపల 10 మి.మీ.: 2 మీటర్లు (పీసీవీ దారికి)
- అదే రకం హోస్, లోపల 19 మి.మీ.: 2 మీటర్లు (టర్బో నోటి దారికి)
- ప్రతి అతుకుకీ ఒక హోస్ క్లిప్: 12 నుంచి 14
- డ్రెయిన్ కోసం ఇత్తడి బాల్ వాల్వ్: క్యాన్‌కి ఒకటి
- రబ్బరు వేసిన పైపు బిగింపులు: ప్రతి 25–30 సెం.మీ.కి ఒకటి
- బ్రాకెట్‌కి 3 మి.మీ. అల్యూమినియం ప్లేటు, రబ్బరు బుష్‌లు
- ద్రవరూప థ్రెడ్ సీలెంట్

హోస్ గురించి. హీటర్ హోస్ వాడకండి. అది నీళ్లకి చేసినది, నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. మామూలు సిలికాన్ హోస్ చూడ్డానికి బాగుంటుంది కానీ లోపల లైనింగ్ లేకపోతే నూనె ఆవిరి చెమర్చి పైకి వస్తుంది. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ ఆవిరి కూడా తగులుతుంది కాబట్టి ఇంధనానికి, నూనెకి తగ్గ నైట్రైల్ హోస్, డబ్బు పెట్టగలిగితే ఫ్లోరో రబ్బరు లైనింగ్ ఉన్నది తీసుకోండి. గోడ మందంగా ఉండాలి, లేకపోతే ఐడిల్ వాక్యూమ్‌కి నొక్కుకుపోతుంది. లారీలకు, జేసీబీలకు హైడ్రాలిక్ పైపులు కొట్టిచ్చే షాపుల్లో నూనెకి తట్టుకునే హోస్, ఫిట్టింగులు కొలతకు దొరుకుతాయి.

సైజు గురించి. లెక్కలోకి వచ్చేది పైపు కాదు, ఆ దారిలో అన్నిటికన్నా ఇరుకైన చోటు. 19 మి.మీ. హోస్ వేసి లోపల 10 మి.మీ. రంధ్రం ఉన్న ఫిట్టింగ్ బిగిస్తే మీకున్నది 10 మి.మీ. దారే. 10 నుంచి 19కి పోతే గాలి దారి మూడున్నర రెట్లకు పైగా పెరుగుతుంది. ఫిట్టింగుల లోపలి వ్యాసం వెర్నియర్‌తో కొలిచి కొనండి.

క్యాన్ గురించి. మూత విప్పి చూడకుండా కొనొద్దు. లోపల అడ్డుగోడలు, జాలీ ఉండాలి. వచ్చిన గాలి కిందికి దిగి, జాలీ గుండా తిరిగి పైనుంచి పోవాలి. రెండు నోళ్లూ పక్కపక్కనే ఉండి లోపల ఖాళీగా ఉంటే అది ఉత్త డబ్బా. కొన్నిట్లో గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి అమ్ముతారు. ఆ పీచు తెగి ఇంజన్‌లోకి పోతుంది, తీసేసి రంధ్రాల ప్లేటు మధ్య బిగించిన జాలీ వేయించండి. ప్లాస్టిక్ సీసాలు ఐడిల్ వాక్యూమ్‌కే నొక్కుకుపోతాయి.

నాన్ రిటర్న్ వాల్వ్ గురించి. చేపల తొట్టికి వాడే చిన్న ప్లాస్టిక్ వాల్వులు వేడికి కరుగుతాయి. బ్రేక్ బూస్టర్ పైపులో వాడే వాల్వ్ వాక్యూమ్‌కీ వేడికీ తట్టుకునే రకం, ఏ స్పేర్ పార్టుల షాపులోనైనా దొరుకుతుంది. ఒకవైపు ఊదితే గాలి పోవాలి, రెండోవైపు చుక్క కూడా పోకూడదు.

## 5. బిగించే క్రమం

1. ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వండి. బ్యాటరీ నెగటివ్ తీయండి. పాత పైపుల ఫొటోలు తీసి, ఏది ఎటో టేపు అంటించండి.

2. టాపెట్ కవర్‌కి కొత్త నోరు కావాలంటే కవర్ విప్పే చేయాలి. ఇంజన్ మీద ఉండగా డ్రిల్లు వేస్తే లోహపు పొడి క్యామ్ మీద పడుతుంది.

3. కవర్ లోపలి బ్యాఫిల్ ప్లేటు చూడండి. నూనె చిమ్మకుండా ఆపేది అదే. కొత్త నోరు ఆ ప్లేటు వెనక ఉండాలి. క్యామ్ తిరిగేచోట నేరుగా పెడితే నూనె గ్లాసులకొద్దీ వస్తుంది. తప్పనిసరైతే దాని కింద చిన్న అల్యూమినియం ప్లేటు పెట్టించి, నూనె కిందికి కారడానికి ఒక మూల సందు ఉంచండి.

4. అల్యూమినియం కవర్‌కి ఆర్గాన్ వెల్డింగ్ చేయించాలి. నూనె పీల్చిన కవర్‌ని ముందు డీగ్రీజర్‌తో రెండుసార్లు కడగండి, లేకపోతే వెల్డింగ్‌లో బుడగలొస్తాయి. తర్వాత గ్యాస్కెట్ కూర్చునే అంచు వంగిందేమో సమతల అద్దం మీద పెట్టి చూడండి. ప్లాస్టిక్ కవర్‌కి వెల్డింగ్ కుదరదు. లోపలివైపు నట్టు, ఓ-రింగు ఉన్న ఫిట్టింగ్ పెట్టాలి.

5. క్యాన్ చోటు ఎంచుకోండి. ఎగ్జాస్ట్‌కి దూరంగా, గాలి తగిలేచోట పెట్టాలి. క్యాన్ చల్లగా ఉంటేనే ఆవిరి నీరై, నూనై లోపల నిలుస్తుంది. మే నెల ఎండలో టర్బో పక్కన పెట్టిన క్యాన్ కాలిపోతున్నంత వేడిగా ఉంటుంది, ఆవిరి అలాగే దాటిపోతుంది. డ్రెయిన్ కింద చేయి పట్టేంత జాగా కూడా ఉండాలి.

6. బ్రాకెట్‌ని బాడీకి బిగించి రబ్బరు బుష్‌లు వేయండి. ఇంజన్ కదిలేంత వదులు పైపులో ఉంచండి.

7. పైపులు వేసేటప్పుడు మధ్యలో ఎక్కడా వాలిపోయి గుంతపడకుండా చూడండి. అక్కడ నూనె నిలిచి దారి మూస్తుంది. ఇంజన్ నుంచి క్యాన్‌కి ఏకధాటిగా ఎక్కుతూ అయినా పోవాలి, దిగుతూ అయినా పోవాలి.

8. నాన్ రిటర్న్ వాల్వ్ మీద బాణం మానిఫోల్డ్ వైపు ఉండాలి. దాన్ని మానిఫోల్డ్‌కి దగ్గరగా పెట్టండి, బూస్ట్ ఒత్తిడి క్యాన్ దాకా రాకుండా ఉంటుంది.

9. మరలకు టెఫ్లాన్ టేపు చుట్టొద్దు. ముక్కలు తెగి వాల్వులో ఇరుక్కుంటాయి. ద్రవ సీలెంట్ వాడండి.

10. క్లిప్పులు హోస్ నలగకుండా, చేత్తో తిప్పితే కదలకుండా ఉండేంత బిగించండి. వేడికి హోస్ సర్దుకుంటుంది కాబట్టి 100 కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఒకసారి బిగించాలి.

క్యాన్ నుంచి నూనెను మళ్లీ చాంబర్‌లోకి పంపే పైపు వేయమని కొందరు అడుగుతారు. రోడ్డు కారుకి అది వద్దు. అందులో ఉండేది ఒట్టి నూనె కాదు, నీళ్లూ పెట్రోలూ కలిసిన ద్రవం.

## 6. బిగించాక పరీక్ష

- క్యాన్ నోళ్లు మూసి, చేతి వాక్యూమ్ పంపుతో లాగి ఒక నిమిషం పట్టి ఉంచండి. ముల్లు పడితే మూత ఓ-రింగు చూడండి.
- ఇంజన్ వేడెక్కించండి. ఐడిల్ పాత అంకె దగ్గరే ఉండాలి. పెరిగితే ఎక్కడో గాలి లీకు.
- స్కానర్‌లో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ని ఎంత పెంచి తగ్గిస్తోందో చెప్పే అంకెలు) చూడండి. బిగించకముందు ఉన్నదానికన్నా బాగా ప్లస్ వైపు జరిగితే కొలతకి అందని గాలి వస్తోంది.
- నీటి గొట్టం మళ్లీ పెట్టండి. ఐడిల్‌లో వాక్యూమ్ ముందున్నంత ఉండాలి. తగ్గితే మొదటి దారి ఇరుకైంది లేదా ఎక్కడో లీకు. బాగా పెరిగితే మంచిగాలి దారి మూసుకుపోయింది.
- టర్బో కారైతే ఇంటేక్‌ని గాలితో నింపి బూస్ట్ లీకు పరీక్ష చేయండి. రెండో దారిని మూసి ఉంచినా ఆయిల్ మూత దగ్గర గాలి వస్తే నాన్ రిటర్న్ వాల్వ్ పట్టడం లేదేమో చూడండి.
- లోడ్ మీద ఒత్తిడి కొలవండి. 2.3లో చెప్పిన హద్దులు చూడండి.

## 7. తరచూ వచ్చే తప్పులు, సవరణలు

క్యాన్ ఎప్పుడూ ఖాళీగా ఉంది, ఇంటేక్‌లో మాత్రం నూనె. పైపులు తారుమారయ్యాయి, లేదా క్యాన్‌లో అడ్డుగోడలు లేవు. టర్బో కారైతే నూనె టర్బో షాఫ్ట్ సీల్ నుంచి కూడా రావచ్చు. ఇంటేక్ పైపు, రెండో క్యాన్ అవుట్‌లెట్ తుడిచి 50 కిలోమీటర్లు నడిపి, ఇంజన్ ఆపాక అవుట్‌లెట్ లోపల తెల్ల గుడ్డతో తుడిచి చూడండి. గుడ్డ పొడిగా ఉండి కంప్రెసర్ తర్వాత తడి ఉంటే టర్బో చూపించాలి.

క్యాన్‌లో నల్ల నూనె త్వరగా నిండుతోంది. ఆయిల్ లెవెల్ మాక్స్ గీత దాటిందేమో మొదట చూడండి. తర్వాత బ్యాఫిల్, ఆ తర్వాత రింగులు.

టర్బో డ్రెయిన్ బాగానే ఉన్నా సైలెన్సర్‌లో నీలం పొగ. చాంబర్‌లో ఒత్తిడి ఉంటే టర్బో నుంచి నూనె కిందికి దిగదు, షాఫ్ట్ సీలు దాటి కారుతుంది. కొత్త టర్బో కొనకముందు క్రాంక్‌కేస్ ఒత్తిడి కొలవండి. ఈ ఒక్క పరీక్ష చేయక మంచి టర్బోలను మార్చేస్తున్నారు.

ఐడిల్ ఎక్కువైంది. పీసీవీ వాల్వ్ తీసేసి నేరుగా పైపు తగిలించి ఉంటారు. వాల్వ్ మళ్లీ పెట్టండి. అది గాలిని కొలిచి వదలడమే కాదు, బ్యాక్‌ఫైర్ మంట చాంబర్‌లోకి పోకుండా కూడా ఆపుతుంది.

బూస్ట్‌లో డిప్‌స్టిక్ లేస్తోంది. దాన్ని స్ప్రింగుతో కట్టేయకండి. రెండో దారిలో ఇరుకు చోటు వెతకండి, నాన్ రిటర్న్ వాల్వ్ వెనక్కి వదులుతోందేమో చూడండి, ఆ రెండూ సరిగా ఉంటే లీక్‌డౌన్ మళ్లీ చేయండి.

## 8. తర్వాత చూసుకోవాల్సినవి

మొదటిసారి 500 కిలోమీటర్లకు క్యాన్ ఖాళీ చేసి ఎంత వచ్చిందో కొలిచి రాసుకోండి. రెండోసారి 1,000కి. ఆ రెండు అంకెల నుంచి మీ కారుకి ఎన్ని కిలోమీటర్లకు ఖాళీ చేయాలో తేలుతుంది. సగానికి మించి నిండనివ్వొద్దు. నిండిన క్యాన్ గట్టి మలుపులో నూనెను నేరుగా మానిఫోల్డ్‌లోకి దొర్లిస్తుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో నీళ్లు ఎక్కువ చేరతాయి, ఆ మూడు నెలలూ రెట్టింపు తరచుగా చూడండి. గోధుమ రంగు నీళ్లు రావడం మామూలే. ఘాటైన పెట్రోల్ వాసన ఉంటే మిక్చర్ రిచ్‌గా ఉందేమో, ఇంజెక్టర్ కారుతోందేమో చూపించండి.

ఊళ్లోనే తిరిగే కారుని వారానికోసారైనా హైవే మీద, నెల్లూరు నుంచి కావలి దాకా వెళ్లొచ్చేంత దూరం నడపండి. ఆయిల్ 90 డిగ్రీలు దాటి కొంతసేపు అక్కడే ఉంటేనే అందులోని నీరు, పెట్రోల్ ఆవిరై పీసీవీ గుండా పోతాయి.

- ప్రతి ఆయిల్ మార్పుకి: పీసీవీ వాల్వ్ ఊపి చూడడం, నాన్ రిటర్న్ వాల్వ్ ఊది చూడడం, జాలీని పెట్రోల్‌తో కాక డీగ్రీజర్‌తో కడిగి పూర్తిగా ఆరబెట్టడం.
- ఏడాదికోసారి: హోస్‌లు చేత్తో నొక్కి మెత్తబడ్డాయా, పగిలాయా అని చూడడం, నీటి గొట్టంతో ఒత్తిడి కొలిచి పాత అంకె పక్కన రాయడం.
- క్యాన్‌లోంచి తీసిన ద్రవాన్ని కాలువలో పోయకుండా, వాడేసిన ఆయిల్ డబ్బాలోనే పోసి షాపులో ఇవ్వడం.